ఓడాక మళ్ళీ పోటీయా, వేరే దారా?

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓడినవాళ్ళకి రెండు దారులు. మళ్ళీ అదే కుర్చీ కోసం దిగడం, లేదా ఆ ఆశ వదిలేసి ఇంకో పని చూసుకోవడం.

మొదటిదానికి అందరూ నిక్సన్ పేరే చెబుతారు. 1960లో కెనడీ చేతిలో ఓడి, 1962లో కాలిఫోర్నియా గవర్నర్ పోటీలోనూ దెబ్బతిని, ఇక ఈయన పని అయిపోయిందనుకున్నాక 1968లో గెలిచాడు. ట్రంప్ 2020లో ఓడి 2024లో తిరిగొచ్చాడు, కాకపోతే ఆయన అప్పటికే ఒకసారి అధ్యక్షుడు కాబట్టి లెక్క వేరు. ఇవి చూసి మురిసిపోవద్దు. బ్రయన్ 1896, 1900, 1908 మూడుసార్లూ ఓడాడు. స్టీవెన్‌సన్ అయితే రెండుసార్లూ ఐసెన్‌హోవర్ చేతిలోనే!

నాకైతే రెండో దారే నచ్చుతుంది. 1916లో విల్సన్ మీద ఓడిన హ్యూజ్ తర్వాత విదేశాంగ మంత్రిగా చేసి, 1930లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు (అధ్యక్షుడికి నాలుగేళ్ళకోసారి ఓట్ల టెన్షన్, ఈ పదవికి అదీ లేదు). అల్ గోర్ 2000లో దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు తెచ్చుకుని కూడా, గెలుపు తేల్చే రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లలో వెనకబడి ఓడాడు, కానీ వాతావరణ మార్పుల మీద పనిచేసి 2007లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నాడు. 2004లో ఓడిన కెర్రీ తర్వాత విదేశాంగ మంత్రి అయ్యాడు.

మెకెయిన్ సెనేట్‌లోనే ఉండిపోయి, ఒబామా ఆరోగ్య చట్టాన్ని దెబ్బకొట్టాలని సొంత పార్టీ తెచ్చిన బిల్లుకి 2017లో వ్యతిరేకంగా ఓటేసి దాన్ని ఆపేశాడు. తనను ఓడించిన ఒబామా చట్టమే అది.