75 బోర్డు ఉన్న రోడ్డు మీద 60లో: ట్రైలర్ తగిలించుకుని ఫ్రిస్కో నుంచి శాంటా ఫే దాకా

మార్చిలో పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి ట్రావెల్ ట్రైలర్, అంటే ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, అద్దెకి తీసుకున్నాం. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. హోటళ్లలో రెండు గదులు, పూటకో రెస్టారెంటు అంటే అమ్మకి పడదు. ఇరవై ఆరు అడుగుల ట్రైలర్, లోపలే వంటిల్లు, మా ఎఫ్-150 పికప్ ట్రక్కు ఎలాగూ ఉంది. డాలస్ దగ్గరి ఫ్రిస్కో నుంచి టెక్సస్ పైకొసన ఉన్న పాలో డ్యూరో కాన్యన్, అక్కణ్ణించి న్యూ మెక్సికోలో టుకుంకారి, శాంటా ఫే. వారం రోజుల ప్లాన్.

ట్రైలర్ ఇచ్చినాయన గ్యాస్ స్టవ్, సెప్టిక్ గొట్టం, మంచాలు అన్నీ ఓపిగ్గా చూపించాడు. గంటకి ఎన్ని మైళ్ల స్పీడులో వెళ్లొచ్చు అని అడిగితే మాత్రం "డెబ్భైలో హాయిగా లాగుతుంది" అన్నాడు. నేను నమ్మేశాను. ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన మనవాళ్లు ఎంతమంది అద్దెకి దొరికే యూ-హాల్ కంపెనీ ట్రైలర్లలో సామాను వేసుకుని ఊళ్లు మారలేదు! దాని చక్రం మీది రేకు మీద 55 దాటొద్దని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. నేనే రెండుసార్లు చదివాను. అయినా ఆ రోజు గుర్తు రాలేదు.

380 హైవే మీదుగా డికేటర్ చేరి 287 హైవే ఎక్కాక రోడ్డు ఖాళీ. బోర్డు మీద 75. కార్లు 80లో పోతున్నాయి, మేము 70లో. విచిటా ఫాల్స్ దాటిన కాసేపటికి ఎడమ పక్క నుంచి గాలి మొదలైంది. అప్పుడే ఒక పద్దెనిమిది చక్రాల ట్రక్కు మమ్మల్ని దాటింది. పెద్ద ట్రక్కు దాటేటప్పుడు దాని ముందు గాలి మన ట్రైలర్‌ని మొదట పక్కకి నెడుతుంది, దాటిపోతూ తనవైపు లాక్కుంటుంది. చదవడానికి ఒక లైను. కూర్చున్నవాడికి అలా ఉండదు. వెనక నుంచి ఎవరో తోక పట్టుకుని ఊపినట్టు ట్రక్కు వెనక భాగం కుడికి జరిగింది, ఎడమకి వచ్చింది, మళ్లీ కుడికి ఇంకొంచెం ఎక్కువ జరిగింది. అద్దంలో ట్రైలర్ మూల ఒకసారి ఇటు, ఒకసారి అటు కనపడుతోంది. మా ఆవిడ "తగ్గించు, తగ్గించు" అంటోంది. కాలు బ్రేకు మీదికి పోబోయింది.

అలా ఊగేటప్పుడు ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. ముందున్నది ఆగబోతుంది, వెనకున్నది తోసుకొస్తుంది, రెండూ కత్తిలా మడత పడతాయి. స్టీరింగ్‌ని అటూ ఇటూ తిప్పి సరిచేయాలని చూసినా ఊపు పెరుగుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయాలి, డాష్‌బోర్డులో ఉన్న ట్రైలర్ బ్రేకు మీటని చేత్తో నొక్కాలి. అప్పుడు ట్రైలర్ చక్రాలకే బ్రేకు పడి బండి వెనక్కి సాగి తిన్నబడుతుంది. ముందు రాత్రి చదివింది చేతికి గుర్తుండడం నా అదృష్టం. నాలుగైదు సెకన్లలో సర్దుకుంది. చెమట పట్టిన చేతులతో తర్వాతి ట్రక్ స్టాప్ దాకా 50లో పోయాను.

అక్కడ నాన్న దిగి ట్రైలర్ చుట్టూ ఒక రౌండు కొట్టి, వెనక బంపరు మీద స్టాండుకి కట్టిన నాలుగు సైకిళ్లు చూసి "వెనక బరువెక్కువైందిరా, నొగ పైకి లేస్తోంది" అన్నారు. మా ఊళ్లో ఎడ్లబండికి ధాన్యం బస్తాలు వేసేటప్పుడు చూసేది అదే. వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది, ముందు ఎక్కువైతే మెడలు వంగిపోతాయి. ట్రైలర్‌కీ ఇదే లెక్క. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా ట్రక్కు హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద దిగాలి. పది కంటే తగ్గితే ఊపు మొదలవుతుంది. బాగా మించితే ట్రక్కు వెనక కుంగి, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది.

ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ ఉంది. ట్రక్కు ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ యాక్సిళ్లు విడివిడిగా తూచి చీటీ ఇస్తుంది. ఒకసారి ట్రైలర్‌తో, ఒకసారి ట్రైలర్ విప్పేసి ట్రక్కుతో తూచాం. మొదటిసారి ట్రక్కు యాక్సిళ్ల మీద పడిన బరువులోంచి ట్రక్కు ఒంటరి బరువు తీసేస్తే హిచ్ మీది బరువు తేలుతుంది. ట్రైలర్ మొత్తం 6,000 పౌండ్లు, హిచ్ మీద 440. అంటే ఏడు శాతం చిల్లర. తప్పు పూర్తిగా మాదే. సైకిళ్లు ఒకటైతే, దారిలో నీళ్లు దొరకవేమోనని మంచినీళ్ల ట్యాంకు నింపుకుని బయల్దేరాం. గాలన్ నీళ్లు ఎనిమిది పౌండ్ల పైచిలుకు, మా ట్రైలర్‌కి ఆ ట్యాంకు యాక్సిళ్ల వెనక ఉంది. ట్యాంకు దాదాపు ఖాళీ చేశాం, సైకిళ్లు ట్రక్కు వెనక తొట్టిలోకి ఎక్కించాం. మళ్లీ తూస్తే మొత్తం 5,600 దగ్గర, హిచ్ మీద 700. ఇరవై నాలుగు గంటల్లోపు రెండోసారి తూస్తే తక్కువే తీసుకుంటారు. ఈ ట్రిప్పులో మేము డబ్బు పెట్టిన సేవలన్నిటిలో నేను మొదటి ర్యాంకు ఇచ్చేది ఈ తూకానికే. బయల్దేరే ముందే ఇంటి దగ్గర తూచుకుని ఉంటే ఇంకా బాగుండేది.

అక్కడే ఫోన్ లైటు వేసుకుని నేల మీద కూర్చుని ట్రైలర్ టైరు చదివాను. ఎస్‌టీ అని మొదలయ్యే ట్రైలర్ టైర్ల మీద వేరే వేగం అచ్చు వేయకపోతే 65 మైళ్లకే చేసినవని లెక్క. కొత్తవాటి మీద ఎల్ అక్షరం ఉంటే 75, ఎమ్ ఉంటే 81. మాదాని మీద ఏ అక్షరమూ లేదు. టైరు మీద డీఓటీ అని మొదలయ్యే నంబరు చివర నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే 2319 ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందన్నమాట. మా టైర్లకి ఐదేళ్లు దాటింది. ట్రైలర్ టైరు అరిగిపోయే దాకా ఆగదు, అంతకుముందే వయసైపోయి పగులుతుంది. "డెబ్భైలో హాయిగా" అన్న పెద్దమనిషి తన టైరు తను ఎప్పుడైనా చదివాడో లేదో!

అప్పటికే మధ్యాహ్నం నాలుగు. పాలో డ్యూరోలో మొదటి రాత్రి బుకింగ్ వదిలేసుకుని చిల్డ్రెస్‌లో రోడ్డు పక్క ఒక చిన్న ఆర్‌వీ పార్కులో (ఇలాంటి ట్రైలర్లు రాత్రికి ఆపుకునే చోటు) దిగాం. ఆఫీసు మూసేసి ఉంది, కవర్లో డబ్బులు పెట్టి డబ్బాలో వెయ్యమని కాగితం అంటించారు. కంకర నేల, రాత్రంతా ట్రక్కుల హోరు. అందం ఏమీ లేదు. కానీ ముందు నుంచి దూరి ముందు నుంచే బయటికి వెళ్లిపోయే సైటు కాబట్టి ట్రైలర్ విప్పకుండానే పడుకున్నాం. కొత్తవాళ్లకి ఇది ఎంత సుఖమో వెనక్కి నడిపి చూస్తే తెలుస్తుంది. అమ్మ పొద్దున్నే చేసిన పులిహోర ఉండగా ఇంకేం కావాలి!

ఆ రాత్రి పడుకునే ముందు వేసిన లెక్కే ఈ రాతకి అసలు కారణం. ఇంటి నుంచి పాలో డ్యూరోకి సుమారు 340 మైళ్లు. 60లో వెళ్తే ఐదు గంటల నలభై నిమిషాలు, 70లో వెళ్తే యాభై నిమిషాలు మిగులుతాయి. వేగం అరవై నుంచి డెబ్భైకి పెరిగితే ఆపాల్సిన శక్తి మాత్రం 36 శాతం పెరుగుతుంది. అది వేగం వర్గాన్ని బట్టి పోతుంది కదా. మరి నేను 70 ఎందుకు తొక్కాను? గూగుల్ మ్యాప్స్ ఐదు గంటల చిల్లర అంది, సాయంత్రం ఐదుకల్లా చేరాలని బుక్ చేశాను, ఇంట్లో బయల్దేరేటప్పటికే పదిన్నర. గూగుల్‌కి నా వెనక ఇల్లు కట్టి ఉందని తెలియదు. ఎక్కడ దిగాలో బుక్ చేసుకున్న రోజే నా స్పీడు కూడా ఖరారైపోయింది. ఇక్కడి ఆర్‌వీ వాళ్లు మూడు-మూడు-మూడు అంటారు: రోజుకి 300 మైళ్లు మించకుండా, మధ్యాహ్నం మూడింటికల్లా దిగి, ఒక్కోచోట మూడు రాత్రులు. ఆరుగురున్న కుటుంబానికి 300 కూడా ఎక్కువే. నా లెక్కలో 200 చాలు.

మరి 55లో పోతే ఇంకా మంచిది కదా అని నాన్న అడిగారు. కాలిఫోర్నియాలో అయితే చట్టమే అది, ట్రైలర్ తగిలించినవాళ్లెవరైనా 55 దాటకూడదు. అక్కడ పెద్ద ట్రక్కులకీ అదే హద్దు కాబట్టి అందరూ కలిసి పోవచ్చు. టెక్సస్‌లో 75 బోర్డు ఉన్న రోడ్డు మీద 55లో పోతే వెనక నుంచి వచ్చేవాళ్లకీ మనకీ తేడా మరీ ఎక్కువైపోతుంది, ప్రతి ట్రక్కూ మనల్ని దాటుతుంది. పెద్ద కంపెనీల ట్రక్కులు చాలావరకు అరవైల్లోనే నడుస్తాయి. మేము కుడి లేను వదలకుండా 60 నుంచి 63 మధ్య స్థిరపడ్డాం. కిలోమీటర్లలో దాదాపు వంద. దాటే ట్రక్కులు తగ్గాయి, దాటినా నెమ్మదిగా దాటాయి. పెట్రోలు గాలన్‌కి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మైళ్లకి వచ్చింది. గాలి ఎక్కువైతే 55, అంతకీ మించితే ఆగిపోవడం. మార్చిలో ఈ ప్రాంతంలో గాలి మధ్యాహ్నానికి ముదురుతుంది. అందుకే రెండో రోజు నుంచి పొద్దున ఏడింటికే బయల్దేరాం.

పాలో డ్యూరో పార్కులోకి దిగే రోడ్డు పది శాతం వాలు. హైవే స్పీడు గురించి ఇంత చెప్పాక ఇక్కడ 20 మైళ్లే ఎక్కువనిపించింది. లో గేరులో పెట్టి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా నొక్కి వదులుతూ దిగాను. లోయ 120 మైళ్ల పొడవు, 800 అడుగుల లోతు, ఎర్రమట్టి గోడలు. సైటుకి నీళ్లు, కరెంటు ఉన్నాయి. ఫోన్ సిగ్నల్ మాత్రం నమ్ముకోవద్దు, మ్యాపులు పైనే దింపుకోండి. సాయంత్రం గోడల మీద ఎండ పడినప్పుడు నాన్న కుర్చీ వేసుకుని గంటసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. లైట్‌హౌస్ ట్రైల్ పోనూ రానూ ఆరు మైళ్ల దగ్గర. పెద్దవాళ్లతో వద్దు, పిల్లలతో పొద్దున్నే వెళ్లాం. ఒక్క రాత్రి పోయినందుకు బాధపడిన చోటు ఇదొక్కటే. ఇంకోసారైతే మూడు రాత్రులు ఉంటాను.

టుకుంకారికి అమరిల్లో నుంచి ఐ-40 మీద 110 మైళ్ల పైన. అక్కడా బోర్డు 75, మాది 60. పదకొండింటికి చేరిపోయాం. పాత రూట్ 66 హైవే మీది ఊరు, రాత్రి 1939 నాటి బ్లూ స్వాలో మోటెల్ నియాన్ లైట్లు చూసి ఫొటోలు దిగాం. దిగింది ప్రైవేటు పార్కు, సైటుకే సెప్టిక్ కనెక్షన్, వేడినీళ్ల స్నానాల గదులు, బట్టలుతికే మెషిన్లు. బాగుంది. ఒక్క సంగతి, 30 ఆంప్స్ కనెక్షన్ మీద హీటరు, మైక్రోవేవ్, ఇన్‌స్టంట్ పాట్ మూడూ కలిపి వేస్తే బ్రేకరు పడిపోతుంది. పప్పు సగం ఉడికాక మాకు తెలిసింది.

శాంటా ఫేకి వెళ్లే దారి ఎక్కుడు. క్లైన్స్ కార్నర్స్ దగ్గర ఎత్తు ఏడు వేల అడుగులు దాటుతుంది. ఇంజన్ గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి. బరువు లాగేటప్పుడు వాడే టో-హాల్ మోడ్‌లో గేర్లు పెట్టి ట్రక్కుల వెనక 50లో ఎక్కాం, కంగారేమీ లేదు. శాంటా ఫేలో ట్రైలర్‌ని ఊరి బయట క్యాంపులో వదిలి ట్రక్కుతోనే తిరగాలి, పాత వీధులు సన్నం. మా సైటు వెనక్కి నడిపి పెట్టేది. ఒక చిట్కా: స్టీరింగ్ కింది భాగం పట్టుకుని, ట్రైలర్ వెనక ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి. మా ఆవిడ ఫోన్లో చెప్తుంటే మూడో ప్రయత్నంలో పెట్టాను. పక్క సైటు పెద్దాయన చప్పట్లు కొట్టాడు, అందులో మెచ్చుకోలెంతో వెక్కిరింపెంతో తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో అమరిల్లో దగ్గర గాలి హెచ్చరిక వచ్చింది. ట్రైలర్ శనివారం సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఫోన్ చేస్తే ఒక రోజు అద్దె అదనం అన్నారు, కట్టేశాం. ఆ పూటంతా ట్రైలర్‌లో పేకాట, అమ్మ చేసిన ఉప్మా. మర్నాడు పొద్దున ఆకు కదలలేదు.

ట్రైలర్ అప్పజెప్పి ఉత్త ట్రక్కుతో ఇంటికొస్తుంటే టోల్‌వే మీద వెనకవాడు హారన్ కొట్టాడు. చూసుకుంటే 58లో ఉన్నాను. నాన్న వెనక్కి తిరిగి చూసి, "ఒరేయ్, వెనక ఇప్పుడేం లేదురా" అన్నారు.