ఎం.ఎస్.డబ్ల్యూ.కు ఏ దారి మేలు: మన విశ్వవిద్యాలయమా, దూరపు పెద్ద సంస్థా, దూరవిద్యా?

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ సోషల్ వర్క్‌లో పీజీ చేయాలనుకునే విద్యార్థి ముందు ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి. రాష్ట్ర స్థాయి ప్రవేశపరీక్ష ఏపీ పీజీసెట్ రాసి అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, అమ్మాయిలైతే అక్కడి శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలోనో రెగ్యులర్ ఎం.ఎస్.డబ్ల్యూ.లో (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చేరడం మొదటిది. జాతీయ స్థాయి ప్రవేశపరీక్ష సీయూఈటీ పీజీ రాసి ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థకో, ఢిల్లీ విశ్వవిద్యాలయానికో వెళ్లడం రెండవది. ఊళ్లోనే ఉంటూ ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ద్వారా దూరవిద్యలో చదవడం మూడవది. మూడింటి చివరా వచ్చే పట్టా దాదాపు ఒకటే కాబట్టి ఖర్చు ఎక్కడ తక్కువైతే అక్కడ చేర్చడం మేలని చాలా ఇళ్లలో తీర్మానించుకుంటారు. ఫీల్డ్ వర్క్‌కు వచ్చే విద్యార్థులకు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున సూపర్‌వైజర్‌గా ఉంటున్న నేను ఆ తీర్మానంతో ఏకీభవించలేను. ఈ చదువులో పుస్తకం సగమైతే ఫీల్డ్ వర్క్ మిగతా సగం. దారుల మధ్య అసలు తేడా ఆ రెండవ సగంలోనే ఉంది.

ఫీల్డ్ వర్క్ అంటే ఏమిటో తెలియకుండా పోల్చడం కుదరదు. రెగ్యులర్ కోర్సులో సాధారణంగా వారానికి రెండు రోజులు విద్యార్థి ఒక ఏజెన్సీకి, అంటే ఆసుపత్రికో, బాలల సంరక్షణ విభాగానికో, స్వచ్ఛంద సంస్థకో, మురికివాడకో వెళ్తాడు. అక్కడ కలిసిన మనిషితో ఏం మాట్లాడాడో, ఏం గమనించాడో, ఎక్కడ తడబడ్డాడో రిపోర్టుగా రాస్తాడు. ఆ రిపోర్టును అధ్యాపకుడు చదివి, విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్‌లో చర్చిస్తాడు. దీనికి తోడు గ్రామంలో బస చేసి పనిచేసే రూరల్ క్యాంప్, కోర్సు చివర్లో నెల రోజుల పాటు ఒకే సంస్థలో పూర్తికాలం పనిచేసే బ్లాక్ ప్లేస్‌మెంట్ ఉంటాయి. తాగుబోతు భర్త చేతిలో దెబ్బలు తిని వచ్చిన స్త్రీ ముందు కూర్చున్నప్పుడు వెంటనే సలహా చెప్పకుండా ముందు వినాలన్న సంగతి పాఠంలో చదివితే ఒంటబట్టదు. తాను తొందరపడిన చోటును మరొకరు ఎత్తి చూపినప్పుడే అది అలవాటవుతుంది. కాబట్టి ఏ కోర్సు గురించి విచారించినా, రిపోర్టు ఎవరు చదువుతారు, ఎన్నాళ్లకొకసారి చదువుతారు అన్నది నేను మొదట అడిగే ప్రశ్న.

ఈ కొలతతో చూస్తే సొంత ప్రాంతంలోని రెగ్యులర్ కోర్సుకు ఉన్న బలం మనం మామూలుగా అనుకునేదానికంటే చాలా ఎక్కువ. కరువు, బెంగళూరుకు వలస, బాల్యవివాహాలు, ఆడపిల్లల అక్రమ రవాణా, సేద్యపు అప్పులు కలగలిసి ఉన్న ఈ జిల్లాల్లో సోషల్ వర్క్ విద్యార్థికి నేర్చుకునే అవకాశం అడుగడుగునా ఉంటుంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ దంపతులు అనంతపురంలో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు గ్రామ స్థాయి సంఘాల నుంచి బత్తలపల్లి ఆసుపత్రి వరకు విస్తరించింది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ మహిళల పొదుపు సంఘాలు, సేంద్రియ సేద్యం, బంజరు భూముల పునరుద్ధరణ చేపట్టింది. ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వచ్చి చూసి వెళ్లే పని మన పిల్లలకు బస్సు దూరంలో ఉంది.

దీనికంటే పెద్ద సంగతి భాష. కేస్ వర్క్, అంటే ఒక్కో మనిషితో విడిగా కూర్చుని అతని సమస్య మీద పనిచేయడం, అంతా మాట మీద నడుస్తుంది. మడకశిర పక్కన కన్నడం కలిసిన తెలుగు, కర్నూలు, కడప పాతబస్తీల్లో ఉర్దూ కలిసిన తెలుగు విని పెరిగిన విద్యార్థికి ఎదుటి మనిషి చెప్పినదే కాక చెప్పకుండా దాచినది కూడా అందుతుంది. అదే విద్యార్థి టాటా సంస్థకు మహారాష్ట్రలో మరో క్యాంపస్ ఉన్న తుల్జాపూర్ పరిసర గ్రామాల్లో మరాఠీ మాట్లాడేవారి మధ్యనో, ముంబయి బస్తీల్లో హిందీ మాట్లాడేవారి మధ్యనో మొదటి ఏడాదిలో ఎక్కువ భాగం మాటలు అర్థం చేసుకోవడానికే ఖర్చు పెట్టవలసి వస్తుంది. కొందరు ఆ కష్టంలోంచి గట్టిపడి వస్తారన్నది నిజమే, కాని అందరికీ అది సాధ్యపడదు.

ప్రవేశం విషయంలోనూ మొదటి దారి సులువు. పీజీసెట్‌లో తప్పు సమాధానానికి మార్కులు కోయరు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు దక్కుతాయి. రాయలసీమ జిల్లాలూ నెల్లూరూ శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వస్తాయి కనుక అనంతపురం విద్యార్థి తిరుపతిలోనూ స్థానికుడే, విశాఖలో మాత్రం కాడు. డిగ్రీలో ఏ గ్రూపు చదివినా సాధారణంగా ఎం.ఎస్.డబ్ల్యూ.కు అర్హత ఉంటుంది. సోషల్ వర్క్‌లోనే డిగ్రీ అయిన బీ.ఎస్.డబ్ల్యూ. చదవలేదని ఎవరూ వెనుకంజ వేయనక్కరలేదు. మన వైపు ఆ కోర్సు అరుదు కాబట్టి ఇంటర్ తరువాత దాని కోసం ఊరు విడిచి వెళ్లడం కన్నా సోషియాలజీ గాని, సైకాలజీ గాని ఉన్న బీఏ చదివి పీజీలో ఇటు రావడమే మంచిదని నా అభిప్రాయం.

ఈ దారిలోని లోపాన్ని దాచడం న్యాయం కాదు. అధ్యాపకుల ఖాళీలు ఉన్న శాఖలో ఒక్కో అధ్యాపకుడి కింద ఎక్కువ మంది విద్యార్థులు పడితే రిపోర్టులు సంతకానికి పరిమితమవుతాయి. అనుబంధ ప్రైవేటు కళాశాలల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. వారానికి రెండు రోజులు కాగితం మీద ఉండి, ఏజెన్సీలో విద్యార్థి ముఖం ఎవరికీ తెలియని సందర్భాలను నేను చూశాను. పైగా 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటును ఆపివేసింది. ఆ విషయంలో ఈ ఏడాది పరిస్థితి ఏమిటో కళాశాల ఏజెంటు మాట మీద ఆధారపడకుండా సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో స్వయంగా కనుక్కోవాలి. విశ్వవిద్యాలయ క్యాంపస్‌లో సీటు వస్తుంటే ఊరికి దగ్గరనే ఒక్క కారణంతో ప్రైవేటు కళాశాలకు వెళ్లడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించను.

రెండవ దారి మీద మన పిల్లల్లో భయమో, భక్తో ఎక్కువ, సమాచారం తక్కువ. 1936లో ముంబయిలో మొదలైన టాటా సంస్థ దేశంలో సోషల్ వర్క్ నేర్పిన తొలి విద్యాసంస్థ. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఈ కోర్సు నడిపే ఢిల్లీ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ 1946 నాటిది. అక్కడి గ్రంథాలయం, ఫీల్డ్ వర్క్ సంప్రదాయం, దేశం నలుమూలల నుంచి వచ్చిన సహాధ్యాయులు, వారి ద్వారా ఏర్పడే పరిచయాలు ఆ తరువాత ఉద్యోగ జీవితమంతా తోడుంటాయి. జాతీయ స్థాయి సంస్థల్లో, పెద్ద కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) విభాగాల్లో, విధాన పరిశోధనలో పనిచేయాలనుకునేవారికి ఇది తప్పక ప్రయత్నించవలసిన దారి. అయితే సీయూఈటీ పీజీ ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది, సరైన సమాధానానికి నాలుగు మార్కులిచ్చి తప్పుకు ఒకటి తీసేస్తారు. టాటా సంస్థలో ఆ మార్కులతో పాటు సంస్థ స్వయంగా నిర్వహించే రెండవ దశ ఎంపిక కూడా ఉంటుంది.

ఇక్కడ మన విద్యార్థులు నష్టపోయేది తెలివి చాలక కాదు, తేదీలు తెలియక. ఇటీవలి సంవత్సరాల్లో సీయూఈటీ పీజీ మార్చిలో జరుగుతోంది, దరఖాస్తుల గడువు అంతకు ముందే, చలికాలంలోనే ముగుస్తోంది. పీజీసెట్ దాని తరువాత వస్తోంది. మన డిగ్రీ కళాశాలల్లో పీజీ గురించి మాట మొదలయ్యేది ఆరవ సెమిస్టర్ పరీక్షల తరువాత. అప్పటికి సీయూఈటీ తలుపు మూసుకుపోయి ఉంటుంది. రెండు పరీక్షలూ ఒకే విద్యార్థి రాయవచ్చు, రాయాలి కూడా. ఒకటి రాస్తే రెండవదానికి సిద్ధం కావడం కొంతవరకు సులువవుతుంది. టాటాలో సీటు రాలేదని ఒక ఏడాది ఖాళీగా ఇంట్లో కూర్చోవడం మాత్రం నాకు సమ్మతం కాదు, ముఖ్యంగా అమ్మాయిల విషయంలో. ఖాళీగా ఉన్న ఆ ఏడాదిలోనే పెళ్లి సంబంధాల ఒత్తిడి మొదలై చదువు అక్కడితో ఆగిపోయిన ఇళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి.

దూరవిద్యను చులకనగా చూడటం తగదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో ఆ సంస్థే స్పష్టం చేసింది. ఇగ్నోలో కోర్సును కనీసం రెండేళ్లలో, అవసరమైతే అంతకంటే ఎక్కువ వ్యవధిలో పూర్తి చేయవచ్చు. జనవరి, జూలై నెలల్లో రెండు విడతలుగా ప్రవేశాలుంటాయి. ఫీల్డ్ వర్క్ అక్కడా తప్పనిసరే. కాని ఏజెన్సీని వెతుక్కోవడం, సూపర్‌వైజర్‌ను ఒప్పించడం, ఫీల్డ్ వర్క్ జర్నల్ నింపడం చాలావరకు విద్యార్థి భుజాల మీదే పడతాయి. డిగ్రీ పూర్తయి నేరుగా వచ్చిన ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థికి ఏజెన్సీ గడప తొక్కిన అనుభవం ఉండదు, అడిగే ధైర్యమూ ఉండదు. అటువంటివారి జర్నల్ చివరి నెలలో ఎవరిదో చూసి రాసినదై ఉంటుంది. అదే ఇప్పటికే ఒక స్వచ్ఛంద సంస్థలో గ్రామ కార్యకర్తగానో, పొదుపు సంఘాల సమన్వయకర్తగానో ఏళ్ల తరబడి పనిచేస్తూ, డిగ్రీ దగ్గరే ఆగిపోయినందున పదోన్నతి రాక ఉండిపోయిన మనిషికి దూరవిద్య సరిగ్గా సరిపోతుంది. ఆ మనిషి పగలంతా చేసేది ఫీల్డ్ వర్కే. తాను చేస్తున్న పనికి కారణాలు పుస్తకంలో కనిపించినప్పుడు అటువంటివారికి కలిగే ఉత్సాహం రెగ్యులర్ తరగతిలో అరుదుగా చూస్తాం. అందుకే ఈ దారిని నేను వయసును బట్టి, అనుభవాన్ని బట్టి సిఫారసు చేస్తాను గాని, ఖర్చును బట్టి చేయను.

ఆసుపత్రుల వైపు వెళ్లాలనుకునేవారు మాత్రం దూరవిద్య జోలికి పోకపోవడమే క్షేమం. 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తన పట్టికలో క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్లను చేర్చింది. ఆ చట్టం పరిధిలోని కోర్సులను, సైకాలజీతో సహా, దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపరాదని 2025 జూలై-ఆగస్టు విడత నుంచి యూజీసీ ఆదేశించింది. కాబట్టి దూరవిద్యలో ఎం.ఎస్.డబ్ల్యూ. చేరేవారెవరైనా ఆ ఏటి ప్రాస్పెక్టస్‌నూ, యూజీసీ దూరవిద్యా విభాగం ప్రకటించే గుర్తింపు జాబితానూ చూసిన తరువాతే డబ్బు కట్టాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దృష్టిలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే సోషల్ వర్క్ పీజీ మీద రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్. ఉండాలి. ఆ శిక్షణకు పేరున్న జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ మనకు పక్కనే బెంగళూరులో ఉన్నా, ఆ ఎం.ఫిల్.కు యూజీసీ ఇచ్చిన గడువు 2025-26 విద్యా సంవత్సరం వరకే. దాని స్థానంలో ఏ కోర్సు వస్తుందో కనిపెట్టుకుని ఉండాలి. ఈ ఆశయం ఉన్నవారు ఎం.ఎస్.డబ్ల్యూ.లో మెడికల్ అండ్ సైకియాట్రిక్ స్పెషలైజేషన్ ఉన్న శాఖనే ఎంచుకుని, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి పెద్ద బోధనాసుపత్రిలో ప్లేస్‌మెంట్ అడిగి తీసుకోవాలి.

ఫ్యాక్టరీల వైపు చూసేవారి లెక్క వేరు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఐదు వందల మంది, అంతకు మించి కార్మికులున్న చోట సంక్షేమ అధికారి ఉండాలన్నది. 2020 నాటి వృత్తి భద్రత స్మృతి ఆ సంఖ్యను 250కి తగ్గించింది. పెనుకొండ దగ్గర కియా, దాని చుట్టూ వచ్చిన అనుబంధ పరిశ్రమలు, తాడిపత్రి, ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారాలు ఉన్న ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. వీరికి రెగ్యులర్ కోర్సులో కార్మిక సంక్షేమం, మానవ వనరుల పేపర్లు ఉన్న శాఖ చాలు, అంతకోసం ముంబయి వెళ్లనక్కరలేదు.

అధ్యాపక వృత్తి కోరుకునేవారు ఏ దారిలో వెళ్లినా పీజీలో 55 శాతం తగ్గకుండా చూసుకోవాలి, రిజర్వుడు వర్గాలకైతే 50. అధ్యాపకులకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌కు అది కనీస అర్హత.

మొత్తం మీద, ఇరవై రెండేళ్ల లోపు, చేతిలో ఉద్యోగం లేని, ఈ ప్రాంతంలోనే పనిచేయాలన్న కోరిక ఉన్న విద్యార్థికి నేను చెప్పేది విశ్వవిద్యాలయ క్యాంపస్‌లోని రెగ్యులర్ కోర్సే. సీయూఈటీ రాసి సీటు వచ్చి, ఇంట్లో ఆర్థికంగా తట్టుకోగలిగితే టాటాకు వెళ్లాలి, తిరిగి రావడానికి దారి ఎప్పుడూ ఉంటుంది. బాలల సంరక్షణ విభాగాలు, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాలు, హెచ్ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీ కేంద్రాల్లో కౌన్సెలింగ్ వంటి జిల్లా స్థాయి ఉద్యోగాల్లో చాలావరకు కాంట్రాక్టు పద్ధతివే, జీతాలు తక్కువే అన్న నిజాన్ని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి చేరాలి. చేరే ముందు ఒక పూట ఆ శాఖకు వెళ్లి రెండవ ఏడాది విద్యార్థులను కలవాలి. ఈ వారం ఏ ఏజెన్సీకి వెళ్లారో, కిందటి రిపోర్టు మీద అధ్యాపకుడు ఏం రాశాడో, క్యాంప్ ఏ ఊళ్లో జరిగిందో అడగాలి. వాళ్లు తడుముకోకుండా ఊరి పేరూ, మనుషుల సంగతులూ చెప్పుకుపోతుంటే అక్కడ ఫీజు కట్టవచ్చు.