బ్యాటరీ ఫ్రేమింగ్ నెయిలర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొన్నవాళ్లకు బయటి ఇటుక చూసి మన ఊరి ఇల్లే అనిపిస్తుంది. కానీ ఇంటిని మోసేది లోపలి కర్ర, ఆ కర్రను పట్టి ఉంచేది మేకు. పెరట్లో షెడ్డు, డెక్కు (ఇంటిని ఆనుకుని వేసే చెక్క అరుగు), గాలికి ఒరిగిన కంచె, అన్నీ బ్యాటరీ ఫ్రేమింగ్ నెయిలర్‌తోనే, అంటే చట్రం కర్రల్లోకి మేకులు దించే గన్‌తోనే చేసుకున్నాను. కంపెనీ పేరు చెప్పను. ఏది కొన్నా చూసుకోవాల్సినవి ఇంచుమించు ఇవే.

అందరూ బ్యాటరీ గురించి అడుగుతారు. నేనైతే ముందు గన్‌లోకి ఎక్కించే మేకుల పట్టీ ఏ కోణంలో ఉందో చూడమంటాను. 21 డిగ్రీల పట్టీలో మేకులను ప్లాస్టిక్ పట్టుకుని ఉంటుంది, తల పూర్తి గుండ్రంగా ఉంటుంది. పేల్చినప్పుడల్లా ప్లాస్టిక్ ముక్కలు ఎగురుతాయి, కళ్లద్దాలు తప్పనిసరి. 30 నుంచి 34 డిగ్రీల దాంట్లో కాగితం పట్టీ ఉంటుంది. స్టడ్ల (గోడ లోపలి నిలువు కర్రల) మధ్య ఇరుకులో దూరడానికి ఇదే బాగుంటుంది గానీ చెమ్మ తగిలితే కాగితం మెత్తబడుతుంది. ఒక కోణం గన్‌లో ఇంకో కోణం మేకులు పట్టవు. అందుకే ఇంటి దగ్గరి షాపులో ఎప్పుడూ ఏవి దొరుకుతాయో చూసుకుని గన్ కొనడం మేలు. కొన్నిచోట్ల గుండ్రటి తల మేకులే వాడాలన్న నిబంధన ఉంది, అదీ కనుక్కోండి.

లోపలి యంత్రాంగంలోనూ తేడాలున్నాయి. కొన్నిట్లో మోటారు చక్రాన్ని తిప్పి ఆ ఊపుతో మేకును కొడుతుంది, కొన్నిట్లో సిలిండర్‌లో బిగించిన గాలో నైట్రోజనో కొడుతుంది. గ్యాస్ క్యాట్రిడ్జ్‌తో నడిచేవీ ఉన్నాయి, వాటికి వాసన, శుభ్రం చేసే పని అదనం. నాది చక్రం రకం. ట్రిగ్గర్ నొక్కాక రవ్వంత ఆగి పేలుతుంది, అలవాటైతే గుర్తే ఉండదు. గుర్తుండేది మాత్రం పైన్ కర్రలో ముడి తగిలినప్పుడు. మేకు సగంలో నిలిచిపోతుంది, కొట్టే బ్లేడు ఇరుక్కుంటుంది. బ్యాటరీ తీసి, మీట తిప్పి బ్లేడును వెనక్కి పంపి, మిగిలిన మేకును సుత్తితో దించాలి. అందుకే సుత్తి ఇంకా నడుముకే ఉంది.

బరువు గురించి ప్రకటనల్లో చెప్పరు. బ్యాటరీతో కలిపి నాలుగు కిలోలు దాటుతుంది. గోడను నేల మీద పరిచి కొడుతుంటే హాయి. తల పైకెత్తి వాసాలకు కొట్టాలంటే భుజం లాగేస్తుంది. నిచ్చెన ఎక్కేటప్పుడు చిన్న బ్యాటరీ పెట్టుకోవడం నాకు పనికొచ్చిన చిట్కా.

పేరుకు 2×4 అంగుళాల కర్ర అన్నా దాని నిజమైన మందం ఒకటిన్నర అంగుళమే. గోడ అడుగున పడుకోబెట్టే కర్ర లోంచి స్టడ్‌లోకి కొట్టడానికి మూడుంబావు అంగుళాల మేకు చక్కగా సరిపోతుంది. రెండు కర్రలు ఒకదానికొకటి ఆనించి కొడితే మాత్రం అదే మేకు అవతల పావు అంగుళం పొడుచుకొస్తుంది, అక్కడ 3 అంగుళాలది వాడాలి. పైకప్పు ఓఎస్‌బీ షీట్లకు (చెక్క పేళ్లు అతికించి నొక్కినవి) మేకు ఎంత లోతు దిగాలో సర్దే చక్రం తిప్పి, తల పైపొర చీల్చకుండా సమంగా దిగేలా పెట్టుకోవాలి. డెక్కుకు వాడే మందు పట్టించిన కర్రలోని రాగి మామూలు ఇనుమును తినేస్తుంది, హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత పట్టించిన) మేకులే కొనాలి. జాయిస్ట్ హ్యాంగర్ల (అడ్డ దూలాలను మోసే ఇనుప పట్టీల) రంధ్రాల్లోకి ఈ గన్‌తో గురి పెట్టకండి. దానికి వేరే గన్ ఉంది, లేదా చేత్తో కొట్టాలి.

ట్రిగ్గర్‌ను ఒక్కో మేకుకు ఒక్కసారి నొక్కే సీక్వెన్షియల్ పద్ధతిలోనే ఉంచుతాను. తాకిస్తే పేలే పద్ధతిలో పని త్వరగా అవుతుంది. కానీ గన్ వెనక్కి తన్ని మళ్లీ తగిలితే రెండో మేకు ఎటు పోతుందో చెప్పలేం.

ఇంత చెప్పినా, రోజంతా ఇళ్లు కట్టేవాళ్లకు కంప్రెసర్ గాలితో నడిచే గొట్టం గన్నే తేలిక, చవక. బ్యాటరీది ఒట్టి పరికరమే 400 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. నాకు ఆ ధర గిట్టుబాటైంది వేగంతో కాదు. కంప్రెసర్ బయటికి లాగి, గొట్టం పరిచి, మోత పెట్టాల్సి వస్తే ఊడిన కంచె కర్ర వచ్చే శనివారానికి వాయిదా పడేది, ఇప్పుడు టీ చల్లారేలోపు అయిపోతుంది. ఒక్క కంచె కోసమే అయితే కొనకండి, టూల్స్ అద్దెకిచ్చే షాపులో ఒక రోజుకు తెచ్చుకోండి.