అక్కది గ్రేస్ పార్టీ, నాది ఆడ్రీ పార్టీ

మా ఇంట్లో ఒక ఫోటో మీద చిన్నప్పటి నుంచీ తగువు. 1956 మార్చిలో ఆస్కార్ వేడుక జరుగుతుంటే తెర వెనక హాలీవుడ్ తారలు ఆడ్రీ హెప్‌బర్న్, గ్రేస్ కెల్లీ తమ వంతు కోసం నిలబడి ఉన్న ఫోటో అది. ఇద్దరూ పుట్టింది 1929లోనే. మరుసటి నెలే గ్రేస్ సినిమాలు వదిలేసి, ఫ్రాన్స్ పక్కనున్న చిట్టి దేశం మొనాకో ప్రిన్స్ మూడో రేనియర్‌ను పెళ్లి చేసుకుంది. అక్కకి గ్రేస్ అంటే ప్రాణం, నాకు ఆడ్రీ. పోయిన ఏప్రిల్ చివర్లో ఇద్దరం కలిసి ఆ ఇద్దరి సమాధులూ చూసొచ్చాం.

ముందు స్విట్జర్లాండ్. హోటళ్లు ఎక్కువ కదా అని లొజాన్‌లో దిగాం. రూము శుభ్రంగానే ఉంది. కానీ ఊరంతా ఏటవాలు. స్టేషన్ నుంచి సూట్‌కేసు లాక్కుంటూ ఎక్కేసరికి అక్క నన్ను తిట్టని తిట్టు లేదు. హోటల్లో దిగినవాళ్లకి ఊళ్లో బస్సు, మెట్రో ఫ్రీగా తిరిగే కార్డు ఇస్తారు, అదొక్కటే ఊరట. మళ్లీ వెళితే మాత్రం రైల్లో పది పన్నెండు నిమిషాల దూరంలో ఉన్న మోర్జ్‌లోనే ఉంటాను. సరస్సు ఒడ్డున చిన్న ఊరు. మబ్బు లేకపోతే అవతలి గట్టు వెనక మోం బ్లాం మంచుకొండ కనిపిస్తుంది.

మోర్జ్ నుంచి టోలోష్నాకి అరగంట నడక. పేరు చివర జెడ్ రాస్తారు కానీ పలకరు. 1963 నుంచి ఆడ్రీ ఉన్నది ఈ పల్లెలోనే. 1993 జనవరి 20న పోయిందీ ఇక్కడి ఇంట్లోనే. ఆ ఇంటిని బయటి నుంచి చూడాల్సిందే, లోపలికి పంపరు. గేటు దగ్గర నిలబడి సెల్ఫీలు తీసుకోవడం నాకూ ఇబ్బందిగా అనిపించింది. ఊళ్లో ఆమె విగ్రహం ఒకటి ఉంది, చూసి ముందుకు వెళ్లిపోవచ్చు.

శ్మశానానికి టికెట్ లేదు, కాపలా లేదు. సమాధి కోసం పెద్దగా వెతకక్కర్లేదు. మామూలు సిలువ, దాని మీద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, అంతే. ఆస్కార్ మాట లేదు, పిల్లల కోసం ఆమె పనిచేసిన యునిసెఫ్ మాట లేదు. ఎవరో తెల్ల తులిప్ పూలు పెట్టి వెళ్లారు. ఒకటి రేకులు రాలి పక్కకి వాలిపోయింది. అక్క వంగి దాన్ని సరిచేసింది. గ్రేస్ పార్టీ మనిషి కదా, నేనేమీ అనలేదు.

తిరిగి మోర్జ్‌కి వస్తే సరస్సు పక్క పార్కులో తులిప్ పండగ. లక్షకు పైగా పూలు, ప్రవేశం ఉచితం. 1944-45 చలికాలంలో హాలెండ్ ఆకలితో అల్లాడినప్పుడు అక్కడే ఉన్న పదిహేనేళ్ల ఆడ్రీ తులిప్ దుంపలు తిని బతికింది. 1990లో హాలెండ్ వాళ్లే ఒక తెల్ల తులిప్‌కి ఆమె పేరు పెట్టారు. ఈ సంగతులు చెబుతుంటే అక్క ఐస్‌క్రీం తినడం ఆపేసింది. మోర్జ్‌కి ఒక రోజంతా పెట్టుకోండి. పాతబస్తీలో మునిసిపల్ ఆఫీసు కూడా చూడొచ్చు. 1969 జనవరిలో ఆడ్రీ రెండో పెళ్లి అక్కడే జరిగింది.

ఇక గ్రేస్ ఉన్న మొనాకో. జెనీవా నుంచి దాని దగ్గర్లోని ఫ్రాన్స్ ఊరు నీస్‌కి విమానం గంట కూడా పట్టదు. మేమెక్కిన చవక విమానం వాళ్లు మాత్రం క్యాబిన్ బ్యాగు నాలుగు వేళ్లు పెద్దగా ఉందని గేటు దగ్గర డబ్బులు పిండారు. టికెట్ కొనేటప్పుడే బ్యాగు కొలతలు చూసుకోవడం మంచిది.

మొనాకోలో బస మా బోటివాళ్ల వల్ల కాదు. నీస్ స్టేషన్ దగ్గర అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. తలుపు కోడ్ పని చేయక నలభై నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాం, ఓనరు ఫోనెత్తడు. ఆ టెన్షన్ అంతా సాయంత్రం సోక్కా తిన్నాక దిగింది. రాగి పళ్లెంలో కట్టెల పొయ్యి మీద కాల్చిన శనగపిండి అట్టు, పైన మిరియాల పొడి. పక్కన పచ్చిమిర్చి పచ్చడి ఒక్కటే తక్కువ.

నీస్ నుంచి మొనాకోకి రైల్లో పాతిక నిమిషాలు. వేరే వీసా అక్కర్లేదు, యూరప్ దేశాలకిచ్చే షెంగెన్ వీసా చాలు. స్టేషన్ కొండ లోపల ఉంటుంది, లిఫ్టులు, సొరంగాలు దాటి బయటపడాలి. త్వరలో జరిగే కార్ల రేసు కోసం రోడ్ల పక్కన ఇనుప కంచెలు, గ్యాలరీలు కడుతున్నారు, రేవు సగం కనపడనే లేదు. కోట దగ్గర 11:55కి కాపలా మారే తతంగం జరుగుతుంది. జనం తలకాయలు తప్ప మాకేమీ కనపడలేదు.

గ్రేస్ సమాధి ఉన్న కెథడ్రల్‌కి మాత్రం తప్పకుండా వెళ్లాలి. ఇక్కడా టికెట్ లేదు. భుజాలు కప్పుకోవాలి.

"రాణిగారి దగ్గరికి ఆ చేతుల్లేని జాకెట్టేంటే?" అని అక్క తన చున్నీ నా మీద కప్పింది.

"రాణి కాదక్కా, ప్రిన్సెస్."

"ఏదో ఒకటి, నడువు."

బలిపీఠం వెనక నుంచి అర్ధచంద్రాకారంలో వరస కదులుతుంటుంది. నేల మీద పలక, దాని మీద లాటిన్‌లో గ్రాషియా పాట్రిషియా అని ఉంది. గ్రేస్ కెల్లీ అన్న పేరు ఎక్కడా లేదు. 1982 సెప్టెంబర్‌లో కారు ప్రమాదం, పక్కన 2005లో పోయిన రేనియర్ పలక. ఆగి చూద్దామంటే వెనకవాళ్లు తోస్తారు. అక్క అందుకని రెండోసారి వరసలో నిలబడింది. పెళ్లి గౌను ఇక్కడే ఉంటుందనుకుంది పాపం, అది ఆమె సొంతూరు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉందని నేను చెప్పాల్సొచ్చింది.

టైముంటే మొనాకోలోనే ఫాంట్‌వియే పేట వైపు ఆమె పేరిట 1984లో తెరిచిన గులాబీ తోటకి వెళ్లండి. కాంస్య విగ్రహం ఉంది, బెంచీలున్నాయి, జనం తక్కువ. మేం వెళ్లినప్పుడు సగం మొగ్గలే. మే మధ్యలో అయితే ఇంకా బాగుండేదేమో, కానీ అప్పటికి మోర్జ్‌లో తులిప్‌లు అయిపోతాయి. బెంచీ మీద కూర్చుని, పాలకూర లాంటి ఆకు కూరిన బార్బజువాన్లు తిన్నాం, అచ్చం తీపి లేని కజ్జికాయలు. చివరిది నాకిచ్చి అక్క అంది, "ఆడ్రీది బాగుంది. కానీ నేను పార్టీ మారలేదు."