ఎమ్మెస్‌కి అమెరికానా, జర్మనీనా?

మన ఇళ్లలో ఈ ప్రశ్న ముందు డబ్బు దగ్గరే ఆగుతుంది. అమెరికాకైతే మొదటి ఏడాది ఫీజు, ఖర్చులకు సరిపడా డబ్బుందని చూపిస్తేనే యూనివర్సిటీ ఐ-20 (విద్యార్థి వీసాకు కావాల్సిన పత్రం) ఇస్తుంది. బ్యాంకు లోన్ మంజూరు పత్రం పెట్టినా మామూలుగా చెల్లుతుంది. ఆపైన 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల నమోదుకు అమెరికా ప్రభుత్వం తీసుకునేది), వీసా ఇంటర్వ్యూ.

జర్మనీకి ఎక్కువమంది డబ్బు నిజంగానే జమ చేస్తారు: బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు. భయపడకండి, అది ఫీజు కాదు. అక్కడికెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున మీ చేతికే వస్తుంది. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. ఏపీఎస్ సర్టిఫికెట్ (మీ చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించేది) పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి, వీసాకు అది తప్పనిసరి.

కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉన్నా ఉద్యోగానికి, ఇల్లు వెతకడానికి జర్మన్ కావాలి. బీ1 (మధ్యస్థాయి) దాకా ఇక్కడే నేర్చుకుని వెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది. అమెరికాలో ఆ బెడద లేదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) చదివితే మూడేళ్ల వరకు ఓపీటీ, అంటే చదువు మీద అక్కడే ఉద్యోగం చేసే అనుమతి కూడా ఉంది. కానీ ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పొలం తాకట్టు పెట్టి పంపాల్సిన ఇంటికైతే నేను జర్మనీయే చెబుతాను.