సోమవారం మాత్ర: ఆరేళ్లు వాడాక చెప్తున్న మాట

మందు పేరు మిథోట్రెక్సేట్. రుమటాయిడ్ కీళ్లవాతానికి వాడుతున్నాను. మాది బరంపురంలో పట్టుచీరలు నేసే ఇల్లు. మగ్గం మీద కూర్చునేది మా ఆయన. కండెలు చుట్టడం, తెగిన పోగులు ముడి వేయడం నా పని. ఆరేళ్ల కిందట పొద్దున లేస్తే గంట దాటినా వేళ్లు ముడవలేకపోయేదాన్ని. పోగు కంటికి కనపడేది, వేళ్లకు చిక్కేది కాదు. నా జడ కూడా అత్తయ్యే వేసేది. రెండేళ్లు నొప్పి బిళ్లలు మింగి కడుపు పాడుచేసుకున్నాక గానీ రక్తపరీక్షలో అసలు జబ్బు తేలలేదు.

వేసుకున్న రోజే గుణం చూడకండి. మొదటి నెల నాకేమీ తెలియలేదు, డబ్బు దండగ అనుకున్నాను. రెండో నెల చివర్లో ఒకరోజు పొద్దున్నే పాలగిన్నె మీద బిగిసిన మూత తీశాను. తీసేశాక తట్టింది, ఎవరినీ పిలవలేదని. అక్కడే కూర్చుని ఏడ్చాను.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. ఇది వారానికి ఒక్క రోజే. డాక్టరుగారు ఒడియాలో ‘సప్తాహకు థరే’ అని రెండుసార్లు చెప్పారు. అయినా ఒక మందుల షాపులో కుర్రాడు కవరు మీద రోజూ అని రాసిచ్చాడు! రోజూ వేసుకుంటే ఎముకల్లో మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. నేను క్యాలెండరులో సోమవారాలకు పసుపు బొట్లు పెట్టుకున్నాను. మంగళవారం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర. అది మొదలుపెట్టాకే నోటిపూత, వికారం తగ్గాయి. లివర్, రక్తకణాల పరీక్షలు మానకండి. కడుపుతో ఉన్నవాళ్లు ఈ మాత్ర ముట్టకూడదు.

ఈ రెండు మందులూ ఎక్కడివో మా అబ్బాయి చెప్పాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపించారు. 1940లలో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, దాని పనిని అడ్డుకునే మిథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది. అప్పట్లో అది రక్తకేన్సర్ కోసం. ఆయన 1948లో పోయారు. మన తెలుగాయన చేతి మీదుగా వచ్చిన మందులని తెలిసిన రోజు, మాత్ర వేసుకునే ముందు చేతులు జోడించాను. ఇప్పటికీ జోడిస్తాను.

ఈ మాత్రకు అయిదుకి నాలుగున్నర మార్కులు ఇస్తున్నాను. ‘వారానికి ఒక్కసారే’ అని స్ట్రిప్ మీద తెలుగులో, ఒడియాలో పెద్ద అక్షరాలతో వేస్తే ఆ సగం కూడా ఇస్తాను. మొన్న ఉగాదికి దిగిన కుంభం అంచు చీరలో తెగిన పోగులన్నీ నేను ముడివేసినవే.