హాల్లో ఒకటి, గోడకు ఒకటి: చెన్నై ఫ్లాటులో సైకిళ్లు పెట్టుకున్న అనుభవం

మొదట తిరువాన్మియూరులోని అద్దె ఇంట్లోను, ఆ తరువాత వేళచ్చేరిలో మేము కొనుక్కున్న ఫ్లాటులోను, మా ఇద్దరి సైకిళ్లను కొన్నేళ్లుగా ఇంటి లోపలే పెట్టుకుంటున్నాం. ఈ కాలంలో నేల స్టాండు, నేలకూ పైకప్పుకూ మధ్య బిగించే స్తంభం, గోడ కొక్కెం, ఈ మూడింటినీ వాడాం. వీటి ధరలు, బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి పోను. దీర్ఘకాలం వాడిన మీదట నేను దేన్నైనా తూచేది ఒకే ఒక లెక్కతో: పొద్దున్నే సైకిలు బయటికి తీయడానికి ఎంత అవస్థ పడాలి? ఆ అవస్థ పెరిగిన కొద్దీ, సైకిలు ఎంత భద్రంగా ఉన్నా, తొక్కడం తగ్గిపోతుంది.

మా వారిది వంపు హ్యాండిల్ ఉన్న రోడ్డు సైకిలు. బరువు 9 కిలోలకు కాస్త పైన. నాది అడ్డ కమ్మీ లేని, చీర కట్టుకుని కూడా ఎక్కగలిగిన సైకిలు. బుట్ట, క్యారియరు, మడ్‌గార్డులు, స్టాండు అన్నీ కలిపి 16 కిలోల దాకా తూగుతుంది. ఒకే ఇంట్లో ఉన్నా ఈ రెండింటికీ ఒకే ఏర్పాటు సరిపోలేదు. కారణాలు కింద చెబుతాను.

కింద పార్కింగులోనే పెట్టుకోవచ్చు కదా అని అడిగేవారికి చెన్నై గాలే జవాబు. తిరువాన్మియూరులో మేమున్న ఇల్లు సముద్రానికి నడిచి వెళ్లేంత దగ్గర. అక్కడి గాలిలోని ఉప్పు లోహం మీద పేరుకుని తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి తుప్పు త్వరగా పడుతుంది. పార్కింగులో వదిలిన సైకిలుకు ముందు బోల్టుల తలలు, తరువాత చైను, ఆపైన బ్రేకు వైరు చివరలు ఎర్రబడతాయి. అల్యూమినియం ఫ్రేము కనుక తుప్పు బెడద లేదని నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు. పెయింటు గీరుకుపోయిన చోట తెల్లటి పొడి చేరి, దాని చుట్టూ పెయింటు పొక్కుల్లాగా లేస్తుంది. బాల్కనీలో పెట్టడం ఇంట్లో పెట్టినట్టు కాదని కూడా అక్కడే తెలిసింది. సముద్రపు గాలి నేరుగా తగిలేది బాల్కనీకే, ఎండకు టైర్ల పక్కలు బీటలు వారేదీ అక్కడే.

వేళచ్చేరికి మారాక ఉప్పు గాలి తగ్గింది గాని నీటి భయం పెరిగింది. 2015 డిసెంబరు వరదల్లో బాగా మునిగిన ప్రాంతాల్లో ఇదొకటి. 2023 డిసెంబరు తొలి వారంలో మిచౌంగ్ తుపాను వానలకు మళ్లీ మునిగింది. అప్పుడు మా అపార్టుమెంటు కింద నిలిచిన నీటిలో పక్కవారి సైకిళ్లు ఇరుసుల పైదాకా మునిగాయి. నీళ్లు తీశాక కడిగి ఆరబెడితే అవి చూపుకు బాగానే కనిపించాయి. అయితే బురద నీరు చక్రాల హబ్బుల్లోకి, పెడళ్ల మధ్యనుండే ఇరుసు బేరింగుల్లోకి దూరి గ్రీజును పాడుచేస్తుంది. విప్పించి, శుభ్రం చేయించి, కొత్త గ్రీజు పెట్టించకపోతే కొద్ది రోజుల్లోనే గరగర మొదలవుతుంది. రెండో అంతస్తులో ఉన్న మా సైకిళ్లకు ఆ బాధ లేకపోయింది.

ఇంటి దాకా తీసుకురావడానికి లిఫ్టు దాటాలి. మన అపార్టుమెంట్లలో ఎక్కువగా కనిపించే ఆరుగురు మనుషుల లిఫ్టు, లోపల 408 కిలోలని రాసి ఉండేది, లోతు సుమారు ఒక మీటరే ఉంటుంది; సైకిలు పొడవు 170 సెంటీమీటర్ల పైమాటే. కనుక వెనక బ్రేకు పట్టుకుని సైకిలును వెనక చక్రం మీద నిలువుగా లేపి, ముందు చక్రాన్ని ఛాతీకి దగ్గరగా పట్టుకుని లోపలికి నడిపించాలి. రోడ్డు సైకిలుకు ఇది సులువు. నా సైకిలుకు వెనక మడ్‌గార్డు చివర నేలకు తగిలి వంగిపోతుంది కాబట్టి నేను మూలగా, వంకరగా నిలబెట్టి నెట్టుకొస్తాను. అప్పుడు లిఫ్టులో ఇంకొకరికి చోటుండదు. ఉదయం పిల్లల బడి బస్సు వేళల్లో ఈ పని పెట్టుకోకపోవడం ఇరుగుపొరుగుతో సఖ్యతకు మంచిది.

అన్నిటికంటే పెద్ద చిక్కు గుమ్మం దగ్గర వస్తుంది. నెల్లూరు నుంచి వచ్చిన మా అత్తగారు తొలిసారి సైకిళ్లను హాల్లో చూసి, "ఏమ్మా, చెప్పులేమో గుమ్మం బయట విడుస్తాం, వీధంతా తిరిగొచ్చిన చక్రాలు మాత్రం నట్టింట్లోకి రావచ్చా? మీ మామగారి హెర్క్యులస్ ఏనాడైనా వసారా దాటిందా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు ఎదురుచెప్పే వీల్లేదు. చెన్నైలోనే 1949లో మొదలైన టీఐ సైకిల్స్ వారి హెర్క్యులస్ బళ్లు ఇంటింటా తిరిగిన కాలంలో ఇళ్లకు అరుగులు, వసారాలు ఉండేవి; ఫ్లాటుకు గుమ్మం తరువాత ఉండేది హాలే. అందుచేత శుభ్రం చేసే పద్ధతి స్థిరపడే దాకా ఏ స్టాండూ అక్కరకు రాదు.

మా పద్ధతి ఇది. గుమ్మం బయట మందపాటి పీచు పట్ట వేసి, దాని మీద రెండు చక్రాలనూ ముందుకూ వెనక్కూ రెండు మూడు చుట్లు దొర్లించి, తడి గుడ్డను టైరుకు అదిమిపట్టి చక్రం తిప్పుతాం. ఎండాకాలంలో ఇంతే సరిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో మాత్రం సైకిలును వెంటనే లోపలికి తేలేం. గుమ్మం బయట అందరూ నడిచే ఉమ్మడి వరండాలో పాత పేపర్లు పరిచి, నీరు ఓడేదాకా నిలబెట్టి, పాత నూలు చీర ముక్కను చైను చుట్టూ పట్టుకుని పెడలును వెనక్కి తిప్పుతాను. గుడ్డ మీద మొదట నీటి చెమ్మ, తరువాత నల్లటి చారలు, చివరికి లేత బూడిద రంగు జాడ పడుతుంది. ఆ జాడ కనిపించాకే చుక్క నూనె వేసి లోపలికి తెస్తాను. ఈ పని చేయకుండా పడుకుంటే, నాలుగు గోడల మధ్య ఉన్నా సరే, తెల్లారేసరికి చైను లింకుల అంచులు నారింజ రంగుకు తిరుగుతాయి. ఇంట్లో ఉండే సైకిలుకు చిక్కటి జిగురు నూనె కంటే, ఆరిపోయే తేలిక రకం గాని మైనపు రకం గాని మేలు; నేల మీద చుక్కలు పడవు, పిల్లల బట్టలకు మరకలు తక్కువ. వరండాను నీరు ఓడ్చుకునే చోటుగానే చూడాలి. అగ్ని ప్రమాదం జరిగితే అందరూ పరుగెత్తవలసిన దారి అది కాబట్టి సైకిలును అక్కడే ఉంచేయడం తగదు.

ఇక సామగ్రి. అద్దె ఇంట్లో గోడకు రంధ్రం వేయకూడదని యజమాని ముందే చెప్పారు కనుక నేలకూ పైకప్పుకూ మధ్య బిగించే స్తంభం తెచ్చాం. మేకు అవసరం లేకుండా రెండు సైకిళ్లను ఒకదాని మీద ఒకటి పట్టగలగడం దాని గొప్ప. లోపాలు నెమ్మదిగా బయటపడ్డాయి. బిగువు కాలక్రమంలో సడలుతుంది, అప్పుడప్పుడూ మర తిప్పి మళ్లీ బిగించాలి. పైకప్పుకు అదిమిన చోట సున్నం గుండ్రంగా ఊడింది. మన ఇళ్లలో పైకప్పు ఎత్తు సాధారణంగా 9 నుంచి 10 అడుగులుంటుంది, కొన్ని స్తంభాలు అంత దూరం అందవు, జిప్సం ఫాల్స్ సీలింగు ఉంటే ఆ ఆలోచనే వద్దు. అసలు ఇబ్బంది వేరే ఉంది: స్తంభం చేతులు సైకిలును అడ్డ కమ్మీ కింద పట్టుకుంటాయి, నా సైకిలుకు ఆ కమ్మీయే లేదు. సీటు గొట్టానికీ హ్యాండిల్ మెడకూ మధ్య తగిలించే విడి కమ్మీ ఒకటి దొరుకుతుంది, అది కొన్నాం. ప్రతిసారీ దాన్ని తగిలించి, 16 కిలోలు నడుము ఎత్తుకు లేపి పెట్టాలి. పాలప్యాకెట్ కోసం వెళ్లిరావడానికి ఈ కసరత్తు ఎవరు చేస్తారు? ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను సైకిలు తొక్కింది తక్కువే.

సొంత ఇంట్లో రంధ్రానికి అడ్డు లేదు. మా వారి సైకిలు ముందు చక్రంతో వేలాడే నిలువు కొక్కేనికి వెళ్లింది. దీని గురించి అమ్మేవారు చెప్పని కొలత ఒకటి ఉంది. నిలువుగా వేలాడే సైకిలు గోడ వెంట ఆక్రమించే చోటు తక్కువే గాని, గోడ నుంచి గదిలోకి మీటరుకు పైగా పొడుచుకు వస్తుంది, హ్యాండిల్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో సుమారు అంత. ఇరుకు నడవలో దాన్ని బిగిస్తే రోజూ మోచేతికి పెడలు తగులుతుంది. అడ్డంగా, నేలకు సమాంతరంగా వేలాడదీస్తే గోడ నుంచి హ్యాండిల్ సగం వెడల్పు మాత్రమే ముందుకొస్తుంది, కాని గోడ ఆరడుగుల మేర పోతుంది. మా పడక గదిలో బీరువా పక్కన మిగిలిన మూల నిలువుకే సరిపోయింది.

కొక్కెం బిగించేటప్పుడు గోడ ఏదో చూసుకోవాలి. మా ఇంటి బయటి గోడ 9 అంగుళాల ఇటుక, గదుల మధ్య గోడలు నాలుగున్నర అంగుళాలు. మేము బయటి గోడనే ఎంచుకున్నాం. మరను పట్టి ఉంచే ప్లగ్గు సిమెంటు పూతలో మాత్రమే దిగితే బరువు మోయదు, ఇటుకలోకి లోతుగా దిగాలి. రంధ్రం రెండు ఇటుకల మధ్య సందులో పడితే పక్కకు జరిపి మళ్లీ వేయించుకోవడం మేలు. కొత్త అపార్టుమెంట్లలో వాడే తేలికపాటి ఏఏసీ (లోపల గాలి బుడగలుండే సిమెంటు) దిమ్మలకు మామూలు ప్లగ్గులు నిలవవు, వాటికి వేరే రకం ఉంటుంది. స్విచ్‌బోర్డుకు నిలువునా పైన కింద తీగల గొట్టాలు పోతాయి కాబట్టి ఆ వరుసలో డ్రిల్లు పెట్టకూడదు.

నిలువుగా వేలాడే సైకిలుకు హైడ్రాలిక్ బ్రేకులు, అంటే వైరుకు బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసేవి, ఉంటే, కిందికి దించాక నాలుగైదు సార్లు లీవరు నొక్కి చూసి గాని వీధిలోకి వెళ్లరాదు. లోపల గాలి బుడగ ఉంటే అది వేలాడే భంగిమలో చోటు మారి, లీవరు మెత్తగా దిగబడుతుంది. ఇది కొక్కెం దోషం కాదు, బ్రేకులో గాలి తీయించాలన్న సూచన. టైరు గోడకు ఆనే చోట నల్లటి మచ్చలు తప్పవు. మేము అక్కడ వంటగది అరలకు మిగిలిన లామినేట్ ముక్క అతికించాం, తడి గుడ్డతో తుడిస్తే పోతున్నాయి.

నా సైకిలు మాత్రం ఇప్పుడు గుమ్మం పక్కనే, వెనక చక్రం దూర్చే చవక రకం నేల స్టాండులో ఉంటుంది. సుమారు 12 చదరపు అడుగుల హాలును అది మింగేసింది, చెన్నై ధరల్లో అది చిన్న విషయం కాదు. బంధువులొస్తే పడక గదిలోకి నెట్టాలి. అయినా ఎత్తేదీ తగిలించేదీ లేకుండా తలుపు తీసి నెట్టుకుపోవడమే కనుక కూరగాయలకీ, రైల్వే స్టేషనుకీ ఇప్పుడు దాని మీదే వెళ్తున్నాను. అందంగా గోడకెక్కిన రోడ్డు సైకిలు ఆదివారం సముద్రం వెంట పోయే ఈసీఆర్ రోడ్డు మీదికి తప్ప దిగదు. బరువు సైకిలుకు గోడ కొక్కెం కొనవద్దని, తేలిక సైకిలైనా రోజూ వాడేదైతే నేల మీదే ఉంచుకోమని నా సలహా. పైకప్పుకు కప్పీలతో లేపే రకాన్ని మా అన్నయ్య ఇంట్లో చూశాను. ఫ్యాను రెక్కలకు దూరం చూసుకోవడం, తాడు ముడి వేయడం, కింద నిలబడి భయపడటం, ఇవన్నీ సంవత్సరానికి ఒకసారి తీసే సైకిలుకే తగును.

చిన్న సంగతులు మరికొన్ని. ఇన్వర్టరు బ్యాటరీ పక్కన సైకిలు పెట్టకూడదు, నీళ్లు పోసే రకం బ్యాటరీ ఛార్జయ్యేటప్పుడు వెలువడే ఆమ్లపు ఆవిరి లోహాన్ని తింటుంది. కరెంటు సైకిలైతే, దాని బ్యాటరీని బయటికి పోయే తలుపు దారిలో ఛార్జింగు పెట్టవద్దు. ఆయుధపూజ నాడు మా అత్తగారు రెండు సైకిళ్లకూ గంధం కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచుతారు. బ్రేకు డిస్కు మీద మాత్రం బొట్టు పడకుండా నేను దగ్గరే నిలబడతాను, ఆ జిడ్డు ప్యాడ్లకు అంటితే బ్రేకు కీచుమంటుంది. పాకే వయసు పిల్లలున్న ఇంట్లో ఆ డిస్కు, చైను రెండూ వేళ్లకు ప్రమాదమే. అలాంటి ఇంటికైతే కొక్కెమే నయమంటాను.

ఇన్నాళ్లలో కొక్కెం వంగలేదు, గోడ కదల్లేదు. కొక్కెం మీది రబ్బరు తొడుగు చిరిగి రిమ్ముకు ఇనుము రాసుకోవడం మొదలైతే, ఆ తొడుగు విడిగా ఎక్కడా దొరకలేదు. పాత ట్యూబు ముక్క కోసి, రెండు మడతలు చుట్టి, వైరు టేపు వేశాం. ప్రస్తుతానికి దానితోనే నడుస్తోంది.